డొనేషన్ జాడీ పెడితే లైసెన్స్ అక్కర్లేదా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్ళో మేం నాటక సంస్థ నడుపుతున్నాం. 90 సీట్ల హాలు. పాత గోదామును అద్దెకు తీసుకుని మేమే బాగుచేసుకున్నాం. లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపునిచ్చే 501(సి)(3) గుర్తింపు ఉంది. ఏడాదికి నాలుగు ఇంగ్లీషు నాటకాలు, ఒక తెలుగు నాటకం వేస్తాం. ఖాళీగా ఉన్న శనివారాల్లో అరంగేట్రాలకీ పుట్టినరోజులకీ హాలు అద్దెకిస్తాం. ఇంటర్వల్‌లో ఇన్నాళ్ళూ కాఫీ, కుకీలే. ఇప్పుడు ప్రేక్షకులు వైన్, బీర్ అడుగుతున్నారు. బోర్డులో ఒకాయన "ధర పెట్టొద్దు, బల్ల మీద గాజు జాడీ పెట్టి డొనేషన్ అందాం, అప్పుడు లైసెన్స్ గొడవే ఉండదు" అంటున్నారు. ఇంకొకరు "టికెట్ ధరలో కలిపేద్దాం" అంటున్నారు. కొత్త నాటకం వచ్చే నెలలోనే. నేను సంస్థ కార్యదర్శిని. కాగితాల మీద సంతకం నాదే. అందుకే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

సమాధానం:

జాడీ పెట్టకండి. మీ నాటకానికి నెల రోజులే ఉంది కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

మీ బోర్డు సభ్యుడు చెడ్డ ఉద్దేశంతో ఆ మాట అని ఉండరు. చిన్న థియేటర్లలో ఈ నమ్మకం చాలా ఎక్కువ. మీలాంటి ఒక థియేటర్‌కి నేను తొమ్మిదేళ్ళు కోశాధికారిగా పనిచేశాను. మొదటి రెండేళ్ళు మా లాబీలోనూ అలాంటి జాడీయే ఉండేది. తప్పని మాలో ఎవరికీ తెలియదు. ఒకరోజు ఇన్సూరెన్స్ ఏజెంటు పాలసీ రెన్యువల్ కోసం వచ్చి, బల్ల మీద సీసాలూ జాడీ చూసి "దీనికి లైసెన్స్ ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

కాలిఫోర్నియా చట్టం లైసెన్స్ లేకుండా మద్యం ఇవ్వడానికి ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది. దానికి మూడు షరతులు, మూడూ ఒకేసారి ఉండాలి. అమ్మకం ఉండకూడదు. ఆ సమయంలో ఆ చోటికి బయటి జనం వచ్చే వీలుండకూడదు. ఆ చోటు మద్యం ఉంచడానికో, పోయడానికో, తాగడానికో నడిపేది కాకూడదు. మీరు టికెట్ కొన్న ప్రతివాళ్ళనీ లోపలికి రానిస్తున్నారు. అంటే మీ వ్యవహారం రెండో షరతు దగ్గరే ఆగిపోయింది. జాడీలో ఎవరూ ఒక్క డాలర్ వేయకపోయినా సరే. వేశారంటే మొదటి షరతూ పోయినట్టే, ఎందుకంటే మద్యం పక్కన పెట్టిన డొనేషన్ జాడీని లైసెన్సులిచ్చే ఏబీసీ శాఖ అమ్మకంగానే లెక్కిస్తుంది. టికెట్ ధరలో కలపడం కూడా అంతే. డబ్బు తలుపు దగ్గర తీసుకున్నా, బల్ల దగ్గర తీసుకున్నా అది వైన్ కోసం తీసుకున్న డబ్బే. "ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుంటారు" అనే మూడో ఆలోచన కూడా రేపో మాపో మీ బోర్డులో ఎవరికో వస్తుంది. లైసెన్స్ లేని చోట జనం మద్యం తెచ్చుకుని తాగేలా క్లబ్బులాగా నడపడాన్ని కూడా రాష్ట్ర చట్టం తప్పుపడుతుంది. ఆ దారి కూడా వద్దు.

లైసెన్స్ లేకుండా మీరు చేయగలిగేది ఒకటుంది. నాటకాలన్నీ అయిపోయాక, టికెట్ లేకుండా, పిలిచినవాళ్ళకు మాత్రమే, తలుపు వేసుకుని నటులకూ వాలంటీర్లకూ ఇచ్చుకునే విందు. దానికి డబ్బు తీసుకోకుండా ఉంటే చాలు.

ఇక అసలు సంగతి. మీలాంటి సంస్థల కోసమే కాలిఫోర్నియా ఒక ప్రత్యేక లైసెన్స్ పెట్టిందని మీ బోర్డులో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆ రాష్ట్రంలో విస్కీ, వోడ్కాతో సహా అన్నీ పోసే మామూలు లైసెన్సులకు జిల్లా జనాభాను బట్టి కోటా ఉంటుంది. ప్రతి 2,000 మందికి ఒకటి. అందుకే బార్లవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు లైసెన్సులు కొనుక్కుంటారు. ఆ ధరలు వింటే మీ బోర్డు ఈ ఆలోచనే మానుకుంటుంది. కానీ లాభాపేక్ష లేని నాటక సంస్థలకు టైప్ 64 అని ఒకటి, టైప్ 69 అని ఒకటి వేరేగా ఉన్నాయి. 64లో బీర్, వైన్‌తో పాటు విస్కీ, వోడ్కా లాంటివీ అమ్మొచ్చు. 69లో బీర్, వైన్ మాత్రమే. ఈ రెండింటికీ బయట మార్కెట్లో ఎవరి లైసెన్సూ కొనక్కర్లేదు, నేరుగా ఏబీసీకే దరఖాస్తు పెట్టుకోవాలి. కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చిన 501(సి)(3) గుర్తింపుతో పాటు రాష్ట్ర ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండాలి. రెండో కాగితం చాలామంది మర్చిపోతారు, మీ ఫైల్లో ఉందో లేదో ఇవాళే చూడండి.

నా సలహా 69. తొంభై సీట్ల లాబీలో కాక్‌టెయిళ్ళు కలపడానికి చోటూ ఉండదు, పదిహేను నిమిషాల ఇంటర్వల్‌లో సమయమూ ఉండదు. రెండు రకాల వైన్, రెండు రకాల బీర్ చాలు.

ఈ లైసెన్స్‌కి కట్టుబాట్లున్నాయి. వాటి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే లైసెన్స్ వచ్చాక కూడా చాలా థియేటర్లు పొరపాటు చేసేది ఇక్కడే. మొదటిది గడియారం. నాటకానికి రెండు గంటల ముందు నుంచి, నాటకం జరుగుతున్నంతసేపూ, ముగిశాక ఒక గంట వరకే అమ్మాలి. మీ నాటకం రాత్రి 7:30కి మొదలై 9:45కి అయిపోతే 5:30కి ముందు సీసా మూత తీయకూడదు, 10:45 తర్వాత గ్లాసు నింపకూడదు. రెండోది టికెట్. టికెట్ ఉన్నవాళ్ళకే అమ్మాలి. భార్యను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి లాబీలో నిలబడ్డ భర్తకు కూడా అమ్మకూడదు. ఉచితంగా రానిచ్చినవాళ్ళున్నా వాళ్ళ పేరున టికెట్ రాసి చేతికివ్వండి. మూడోది చోటు. లైసెన్స్ ఒక్క చిరునామాకే. వేసవిలో పార్కులో నాటకం వేస్తే అక్కడ ఇది చెల్లదు.

నాలుగోది మీకు ముఖ్యం. చట్టంలో ఉన్నమాట మీ సంస్థ సొంత నాటక ప్రదర్శన గురించి. మీరు శనివారం అద్దెకిచ్చిన అరంగేట్రం మీ ప్రదర్శన కాదు. పుట్టినరోజు అసలు ప్రదర్శనే కాదు. ఆ రోజుల్లో మీ లైసెన్స్ మీద ఒక్క గ్లాసు కూడా పోయకూడదు. అద్దెకు తీసుకున్నవాళ్ళు "మీకు లైసెన్స్ ఉందిగా" అని అడుగుతారు, మొహమాటపెడతారు. అద్దె ఒప్పందంలోనే ఆ మాట రాసేయండి, సీసాల బీరువాకు తాళం వేయండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. వాళ్ళకు మద్యం కావాలంటే, కేటరింగ్ పర్మిట్ ఉన్న రెస్టారెంటో బారో ఏబీసీ అనుమతితో వచ్చి పోసే పద్ధతి ఉంది. మీ హాలుకు లైసెన్స్ వచ్చాక బయటివాళ్ళు అక్కడ మద్యం పోయాలంటే ఏ పద్ధతి అయినా ముందు మీ ప్రాంతపు ఏబీసీ ఆఫీసులో అడిగి, వాళ్ళ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సంగీత కచేరీలు, నృత్య కార్యక్రమాలు మీరే పెట్టినా అవి నాటక ప్రదర్శన కిందకు వస్తాయా అన్న సంగతి కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయండి.

వచ్చే నెలకు మాత్రం టైప్ 69 అందదు. దరఖాస్తు పెట్టాక హాలు గుమ్మం దగ్గర 30 రోజులు నోటీసు అంటించాలి. ఆ లోగా చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం చెప్పొచ్చు. ఊరి ప్లానింగ్ శాఖ నుంచి జోనింగ్ అనుమతి కావాలి. కొన్ని ఊళ్ళలో దాని కోసం విడిగా బహిరంగ విచారణ కూడా పెడతారు. 600 అడుగుల లోపు బడి, పిల్లల ఆటస్థలం ఉంటే, 100 అడుగుల లోపు ఇళ్ళుంటే ఇంకా వివరంగా చూస్తారు. అన్నీ సాఫీగా సాగినా మూడు నెలలు అనుకోండి.

అందుకని వచ్చే నెల నాటకానికి ఒకరోజు లైసెన్స్ తీసుకోండి. లాభాపేక్ష లేని సంస్థలకు ఏబీసీ ఇచ్చేదే, దరఖాస్తు ఫారం ఏబీసీ-221. దానికి హాలు యజమాని అనుమతి కావాలి, కొన్ని ఊళ్ళలో పోలీసుల సంతకం కూడా. ఏ రోజుకు ఆ రోజే ఫీజు, అందుకే అన్ని ప్రదర్శనలకీ తీసుకోవద్దు. మొదటి రాత్రికీ, చివరి రాత్రికీ చాలు. ఈ వారమే దరఖాస్తు ఇచ్చేయండి, ఆఖరి నిమిషానికి పెట్టుకోకండి. ఒక సీజనంతా ఇలా ఒకరోజు లైసెన్సులతో నడిపి చూస్తే మీ ప్రేక్షకులు నిజంగా ఎంత కొంటారో, మీ వాలంటీర్లకు ఇది ఇష్టమో కాదో తెలుస్తుంది. ఆ తర్వాత 69కి వెళ్ళినా నష్టం లేదు.

నోటీసు అంటించే ముందే ఇరుగుపొరుగును కలవండి. మేం ఆ పని చేయలేదు. నోటీసు అంటించిన పదో రోజున వెనక వీధిలో ఉండే ఒక పెద్దాయన అభ్యంతరం రాసి పంపారు. మా బోర్డులో అందరూ కోపం తెచ్చుకున్నారు. నేను ప్రదర్శనల క్యాలెండర్ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. గంటసేపు మాట్లాడితే తేలిందేమిటంటే, ఆయనకు వైన్‌తో పేచీ లేదు. నాటకం అయ్యాక జనం ఆయన కిటికీ కింద నిలబడి పదిన్నర దాకా కబుర్లు చెప్పుకుంటున్నారు, ఆ బాధ మూడేళ్ళుగా ఉంది. మేం గ్లాసులు బయటికి తీసుకెళ్ళనివ్వబోమనీ, వెనక తలుపు రాత్రి తెరవబోమనీ లైసెన్స్ షరతుల్లోనే రాయించుకున్నాం. ఆయన అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. కానీ ఈలోగా రెండు నెలలు పోయాయి. ముందే వెళ్ళి తలుపు తట్టి ఉంటే ఆ రెండు నెలలూ మిగిలేవి.

పోసేవాళ్ళ సంగతి. బల్ల దగ్గర నిలబడేవాళ్ళకు 21 ఏళ్ళు నిండాలి. 2022 నుంచి కాలిఫోర్నియాలో మద్యం పోసేవాళ్ళు, ఐడీ చూసేవాళ్ళు బాధ్యతగా మద్యం పోయడం నేర్పే ఆర్‌బీఎస్ శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి. పనిలో చేరిన 60 రోజుల్లోగా పూర్తిచేయాలి, సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. ఒకరోజు లైసెన్స్‌కి అయితే సర్టిఫికెట్ ఉన్న మనిషి కనీసం ఒకరు కార్యక్రమం మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండాలి. ఆ ఒక్కరూ మీరే కావద్దు. కార్యదర్శికి ఆ రాత్రి వేరే పనులు వంద ఉంటాయి. శిక్షణ ఆన్‌లైన్లోనే ఉంటుంది, నలుగురు వాలంటీర్లతో ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఐడీ దగ్గర మొహమాటపడకండి. మన నాటకాలకు పిల్లలూ వస్తారు, రావచ్చు కూడా, వాళ్ళకు అమ్మకపోతే చాలు. 21 నిండనివాళ్ళకు కాలిఫోర్నియా ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ నిలువుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన బంధువులకు పాస్‌పోర్టు పనికొస్తుంది. ఈ రాష్ట్రంలో తాగినవాళ్ళ వల్ల జరిగే నష్టానికి పోసినవాళ్ళ మీద దావా వేయడం కష్టం, చట్టం అంత రక్షణ ఇచ్చింది. కానీ అప్పటికే మత్తులో ఉన్నట్టు కనిపిస్తున్న మైనర్‌కు అమ్మితే ఆ రక్షణ ఉండదు. మీ సంతకం గురించి భయపడుతున్నారు కదా, మీరు జాగ్రత్త పడాల్సిన చోటు ఇది.

ఇన్సూరెన్స్ కూడా. మీకున్న మామూలు లయబిలిటీ పాలసీ తీసి చదవండి. మద్యం అమ్మే వ్యాపారం వల్ల వచ్చే నష్టాలను అలాంటి పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. లిక్కర్ లయబిలిటీ అని విడిగా తీసుకోవాలి. ఒక్క రాత్రికి కూడా ఇస్తారు.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. 750 మిల్లీలీటర్ల సీసాకు అయిదు గ్లాసులు లెక్క. గ్లాసుకు 5 ఔన్సులు, అంటే 150 మిల్లీలీటర్లు దాటకూడదు. కొత్త వాలంటీర్లు ప్రేమకొద్దీ నిండుగా పోసేస్తారు. అది లెక్కకూ మంచిది కాదు, తాగేవాళ్ళకూ మంచిది కాదు. మేం ఒక ప్లాస్టిక్ గ్లాసు మీద నల్ల మార్కరుతో గీత గీసి బల్ల మూలన పెట్టేవాళ్ళం. ప్రతి గ్లాసూ దాని పక్కన పెట్టి పోయడమే. తొంభై మందిలో ముప్పై మంది కొన్నా ఆరు సీసాలు. ఇంటర్వల్ గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందే పది గ్లాసులు పోసి ఉంచితే లైను తలుపు దాకా పోదు. హాల్లోకి తీసుకెళ్ళనిస్తే మూత ఉన్న కప్పుల్లోనే ఇవ్వండి. గోదాములో గచ్చు నేల మీద గాజు గ్లాసు పడ్డ శబ్దం వేదిక మీదున్న నటుడి డైలాగును మింగేస్తుంది.

సీసాలు ఎక్కడ కొనాలన్న దానిలో ఒక మెలిక ఉంది. ఒకరోజు లైసెన్స్ మీదైతే కాస్ట్‌కో లాంటి దుకాణంలో కొనొచ్చో లేదో ఏబీసీని ముందే అడగండి. టైప్ 69 చేతికొచ్చిన రోజు నుంచి అలా కుదరదు. హోల్‌సేలర్ దగ్గరో, నేరుగా వైన్ తయారుచేసేవాళ్ళ దగ్గరో కొనాలి, బిల్లులు దాచాలి. అలవాటు కొద్దీ ఎవరో ఒకరు దుకాణం నుంచి రెండు పెట్టెలు తెస్తారు, తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగే మొదటి కాగితం ఆ బిల్లే. అలాగే పక్క ఊరి వైనరీ వాళ్ళు "మీ నాటకానికి మా వైన్ ఉచితం, మా పేరు బోర్డు పెట్టండి" అంటే వెంటనే సరే అనకండి. తయారుచేసేవాళ్ళకూ చిల్లరగా అమ్మేవాళ్ళకూ మధ్య ఇలాంటి లావాదేవీల మీద కఠినమైన నిబంధనలున్నాయి. నాన్‌ప్రాఫిట్‌లకు కొన్ని మినహాయింపులున్నా, మీ లైసెన్స్‌కి అవి వర్తిస్తాయా అని ఏబీసీని అడిగాకే తీసుకోండి.

పన్నుల మాట క్లుప్తంగా. మద్యం మీద సేల్స్ టాక్స్ కట్టాలి కాబట్టి రాష్ట్ర పన్నుల శాఖ సీడీటీఎఫ్ఏ నుంచి సెల్లర్స్ పర్మిట్ తీసుకోండి. కేంద్రంలో మద్యం వ్యవహారాలు చూసే టీటీబీ శాఖ దగ్గర మద్యం అమ్మేవాళ్ళుగా పేరు నమోదు చేసుకోవాలి, ఫారం 5630.5డి. పాత రోజుల్లో ఉన్న పన్ను 2008లో తీసేశారు కానీ నమోదు మాత్రం ఉంది. దీన్ని మర్చిపోని చిన్న థియేటర్ నాకింతవరకు కనబడలేదు. బార్ మీద వచ్చే డబ్బు మీ సంస్థ ఆశయంతో సంబంధం లేని వ్యాపారమని ఐఆర్ఎస్ అనుకుంటే, ఏడాదికి 1,000 డాలర్లో అంతకు మించో వస్తే 990-టి రిటర్ను వేయాలి. అయితే ఆ పని దాదాపు మొత్తం జీతం లేని వాలంటీర్లే చేస్తే మినహాయింపు ఉంది. అందుకని బార్ దగ్గర జీతానికి మనిషిని పెట్టే ముందు మీ అకౌంటెంటుతో మాట్లాడండి.

ఇది చదివే వేరే రాష్ట్రాల వాళ్ళకు ఒక మాట. 1933లో వచ్చిన 21వ రాజ్యాంగ సవరణ తర్వాత మద్యం నియమాలు చాలావరకు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. పైన చెప్పిన రాష్ట్ర నిబంధనలు కాలిఫోర్నియావి. వాషింగ్టన్ రాష్ట్రంలో లాభాపేక్ష లేని కళా సంస్థలకు విడిగా ఒక లైసెన్స్ ఉంది, నిర్ణీత హాల్లో ప్రదర్శనకు వచ్చినవాళ్ళకు అమ్మొచ్చు. మసాచుసెట్స్‌లో ఊరివాళ్ళిచ్చే ఒకరోజు లైసెన్సులతో నెట్టుకురావచ్చు కానీ ఏడాదికి 30కి మించి ఇవ్వరు. టెక్సస్‌లో నాన్‌ప్రాఫిట్‌లకు తాత్కాలిక పర్మిట్ ఉంది. ఇది చదివి మరో రాష్ట్రంలో అమలు చేయకండి.

ఒకటి మనసులో మాట చెప్పాలి. బార్ వల్ల మీ థియేటర్ బతికిపోతుందని బోర్డుకు ఆశపెట్టకండి. రాత్రికి ముప్పై గ్లాసులు అమ్మితే మిగిలేది లైట్ల కరెంటు బిల్లుకు సరిపోవచ్చు, అద్దెకు సరిపోదు. నేను దీన్ని ఇష్టపడింది డబ్బు కోసం కాదు. నాటకం అయ్యాక చేతిలో గ్లాసు ఉన్న మనిషి వెంటనే కారు దగ్గరికి పరిగెత్తడు. నిలబడతాడు, పక్కవాళ్ళతో ఆ రెండో అంకం గురించి మాట్లాడతాడు, మేకప్ తుడుచుకుని బయటికొచ్చిన నటిని చూసి దగ్గరికొస్తాడు. మా వాలంటీర్లలో సగం మంది అలా లాబీలో దొరికినవాళ్ళే.

మీ సంతకం విషయానికొస్తే, లైసెన్స్ సంస్థ పేరున ఉంటుంది. అయినా దరఖాస్తు పెట్టాలని బోర్డు తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించుకోండి. ఎవరు అనుకూలంగా ఓటేశారో పేర్లతో సహా. ఆ తర్వాతే సంతకం పెట్టండి. జాడీ తెచ్చిన పెద్దమనిషిని నొప్పించక్కర్లేదు. లోపలి తలుపు పక్కన, వైన్ బల్లకు దూరంగా, "పైకప్పు బాగుచేయడానికి" అని కాగితం అంటించి ఆ జాడీ పెట్టమనండి. డొనేషన్లు అక్కడ ఎన్నొచ్చినా ఎవరికీ అభ్యంతరం లేదు.